నల్లదనం కూడా తుప్పే

దసరా వెళ్లిన వారంలో ఆయుధపూజ ఫొటోలు ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పాత లోగిళ్లలో కత్తులు, బల్లేలు, ఎక్కడో ఒకచోట గోడ మీంచి దించిన పాత తుపాకి. ఈసారి చూసిన వాటిలో ఒకటి మూడు కట్ల (గొట్టాన్ని చెక్కకు బిగించే పట్టీల) ఎన్‌ఫీల్డ్, 1853 నాటి బ్రిటిష్ నమూనా. గొట్టం అద్దంలా మెరుస్తోంది. బఫింగు చక్రం మీద తిప్పి, పైన నికెల్ ఎక్కించారని చూస్తూనే తెలుస్తుంది. లాకు ప్లేటు (పేల్చే యంత్రాంగాన్ని మోసే పక్క పలక) మీద గుర్రానికి, అంటే పేలుడు క్యాపును కొట్టే సుత్తికి, వెనక ఉండాల్సిన కిరీటం ముద్ర సగం అరిగిపోయింది. ముందువైపు సంవత్సరంలో చివరి 7 మాత్రం పోల్చుకోవచ్చు, మిగతా అంకెలు నునుపు. మరల (స్క్రూల) చుట్టూ ఇనుము సాసరులా గుంటపడింది. ఫొటో కింద అందరూ రాసింది ఒకటే: "అబ్బ, కొత్తదానిలా ఉంది."

కొత్తదానిలా లేదు. కొత్తగా ఉన్నప్పుడు అది ఏనాడూ అలా లేదు. నీలం కలిసిన నలుపు గొట్టం, మబ్బులు కమ్మినట్టు బూడిద, నీలం, గోధుమ మచ్చల లాకు, నూనె తాగిన వాల్‌నట్ చెక్క, ఇత్తడి బట్ ప్లేటు: ఆయుధశాల గడప దాటినప్పుడు దాని రూపం అది. ఆ రూపంలో చాలాభాగం నిన్నటిదాకా దాని మీదే ఉండి ఉంటుంది, తుప్పు కింద. బఫింగు చక్రం తుప్పుతోపాటు దాన్నీ ఎత్తుకుపోయింది.

అసలు పూతను "మళ్లీ వేయించడం" అన్న మాటే తప్పు దారి పట్టిస్తోందని నా అభిప్రాయం. ఉన్నదాన్ని బయటికి తియ్యాలి, రోగాన్ని ఆపాలి, అక్కడితో చెయ్యి తీసెయ్యాలి.

ఏది పూత, ఏది రోగం

ఆ కాలంలో గొట్టానికి పెయింటు వెయ్యలేదు. జిడ్డు లేకుండా కడిగి, ఆమ్లాలూ లవణాలూ కలిపిన ద్రావణం పల్చగా తుడిచి, తేమలో పెట్టి కావాలనే తుప్పు పట్టించేవాళ్లు. కళాయి పోసేవాళ్లు వాడే నవాసాగరం లాంటివి ఇందుకు పనికొచ్చేవే. కొన్ని గంటల్లో నారింజ రంగు నూగు లేస్తుంది. దాన్ని మరిగే నీళ్లలో ముంచితే ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడుగా, అంటే మాగ్నటైట్‌గా మారుతుంది. పైన నిలిచిన మసిని సన్న తీగ బ్రష్షుతో దులిపి మళ్లీ తుడుపు, మళ్లీ తుప్పు, మళ్లీ ఉడుకు. ఆరు నుంచి పది సార్లు చేస్తే ఆ లోతైన నలుపు వస్తుంది. దీన్నే రస్ట్ బ్లూయింగ్ అంటారు. మనం ముచ్చటపడే నల్లదనం కూడా తుప్పే, కాకపోతే మచ్చిక చేసుకున్న తుప్పు.

ఉడకబెట్టకుండా ఎర్ర తుప్పునే దులుపుకుంటూ పోయి ఆపేస్తే గోధుమరంగు నిలుస్తుంది. అది బ్రౌనింగ్. బ్రిటిష్ సైన్యపు పాత బేకర్ రైఫిలు గొట్టాలు అలాంటివి. ఇక్కడ చాలామంది పొరబడతారు. గోధుమరంగు గొట్టం కనిపించగానే తుప్పు అనుకొని ఉడకబెడితే 200 ఏళ్ల బ్రౌనింగ్ ఇరవై నిమిషాల్లో నల్లబడుతుంది. వెనక్కి తేవడం కుదరదు. అందుకే ముందు కట్ల కింద, చెక్కలో దాగే గొట్టం అడుగుభాగం చూడాలి. గాలీ వేళ్లూ తగలని ఆ చోట అసలు రంగు ఉంటుంది.

రోగం సంగతి వేరు. తెల్లటి పాత నూలుగుడ్డతో పొడిగా ఒక్కసారి రుద్దండి. నారింజ పొడి అంటితే తుప్పు ఇంకా తింటోంది. గుడ్డ శుభ్రంగా ఉండి, ఇనుము ముదురుగా, చేతికి నున్నగా తగిలితే దాని జోలికి పోవద్దు. పాతబడిన అందం పేరుతో నారింజ పొడిని కూడా అలాగే ఉంచాలనే వాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. మన తీరంలో తుప్పు కింద ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పులోని క్లోరైడు లోపల మిగిలినంతకాలం పైన ఎంత నూనె రాసినా గుంటలు లోతవుతూనే పోతాయి.

చింతపండు, నిమ్మకాయ, తర్వాత మూడు నెలల వాన

"ఏంది సామీ, అమ్మవారి ముందర ఇట్టా తుప్పుపట్టిన దాన్ని పెడతారా?" అని పెద్దవాళ్లు అనడం, పిల్లకాయలు చింతపండు తీసుకొని కూచోవడం మామూలే. ఇత్తడి బట్ ప్లేటు, ట్రిగ్గర్ గార్డు తళతళలాడతాయి, నిజమే. కానీ చింతపండు పులుసు ఇత్తడి దగ్గర ఆగదు. ప్లేటు అంచు కిందికి, ఇనుప మరల సందుల్లోకి దిగుతుంది. నల్ల పూత ఆక్సైడే కాబట్టి ఏ పులుపు తగిలినా కరుగుతుంది. చింతపండు, నిమ్మ, వెనిగర్, తుప్పు వదలగొట్టే ఫాస్ఫారిక్ ఆమ్లం, అన్నిటిదీ ఒకటే వరస. వాటికి మంచి తుప్పు, చెడ్డ తుప్పు అన్న తేడా తెలియదు. కరెంటుతో తుప్పు తీసే పద్ధతి కూడా పూతను వదిలిపెట్టదు.

గుర్రం మీద నిమ్మచెక్క, గొట్టం మీద తడి పసుపు కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ చిందులు వీటికి తోడవుతాయి. కొబ్బరినీళ్లలోనూ లవణాలుంటాయి. తడి పసుపు ముద్ద ఎండేదాకా ఇనుముకు నీళ్లు పట్టి ఉంచుతుంది, గుండ్రటి బొట్టు ఆకారంలోనే గుంట పడుతుంది. పాత తుపాకుల మీద బొట్టంత మచ్చలు వరసగా కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఇంకో చిక్కుంది. మనకు వాన ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంలో. దసరాకు పులుపుతో తోమి, పూత కరిగించి, సున్నం గోడకు తగిలించిన తుపాకి సరిగ్గా మూడు నెలల తడిగాలికి ఒళ్లప్పగిస్తుంది. సంక్రాంతికి చూస్తే గోడవైపు ఎర్రగా ఉంటుంది. మరుసటి దసరాకు ఇంకా గట్టిగా తోముతారు.

కొబ్బరినూనె, నువ్వులనూనె రాయడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. అవి గాలికి కమిలిపోతాయి, దుమ్ము పట్టుకుంటాయి. వాటిలో పుట్టే కొవ్వు ఆమ్లాలు ఇత్తడి అంచుల్లో పచ్చటి చిలుము మైనంలా పేరుస్తాయి. కుట్టుమిషను నూనె వంద రెట్లు నయం.

విప్పేముందు

దట్టించే తుపాకి ఏదైనా లోపల మందు ఉందనే అనుకోవాలి. తరాల కిందట దట్టించి మరిచిపోయినవి ఇప్పటికీ బయటపడుతుంటాయి. దట్టించే కడ్డీని మెల్లగా లోపలికి దించి, మూతి దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టండి. బయటికి తీసి గొట్టం పక్కన ఆనించండి. కడ్డీ కొస క్యాపు పెట్టే మొన దాకా రావాలి. రెండంగుళాలు తక్కువైతే లోపల ఏదో ఉంది. అది గూడు కట్టిన కందిరీగ మట్టి కావచ్చు, తుపాకి మందు కావచ్చు. మీరు తవ్వకండి, వేడి తగలనివ్వకండి, పోలీసులకు చెప్పండి.

చట్టం మాట కూడా ఇక్కడే. "1899కి ముందువాటికి లైసెన్సు అక్కర్లేదు" అని వీడియోల్లో వినేది అమెరికా చట్టం. మన ఆయుధ చట్టం, 1959లో సెక్షన్ 45 మినహాయింపు పాతకాలపు నమూనాకో, పురావస్తు విలువ ఉన్నదానికో, పాడైనదానికో వర్తించాలంటే అది మరమ్మతు చేసినా పేలనిదై ఉండాలి. మరమ్మతు చెయ్యడానికి కూడా సెక్షన్ 5 కింద లైసెన్సు కావాలి. కాబట్టి మూసిన రంధ్రం తెరవడం, విరిగిన మొన మార్చడం, స్ప్రింగు వేయించడం మన పని కాదు. ఈ వ్యాసం పైపూత గురించి, అంతే. కాగితాలు లేని తుపాకి అయితే శుభ్రం చెయ్యడం కన్నా ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

మొదట కట్ల మరలు. స్క్రూడ్రైవర్ మొన గాడిలో గట్టిగా, నిండుగా కూచోవాలి. బజారులో దొరికేవి కొసకు సన్నబడి ఉంటాయి, గాడి అంచులు చీల్చేస్తాయి. ఆకురాయి మీద మొనను రెండువైపులా సమంగా అరగదీసి ఆ మరకే సరిపోయేలా చేసుకోవాలి. కదలని మరకు కుట్టుమిషను నూనె చుక్క వేసి రెండు రోజులు ఆగి, సోల్డరింగ్ ఐరన్ మొన తలమీద ఐదు నిమిషాలు ఆనించి చూడండి. ఎన్‌ఫీల్డ్ కట్ల మరలను పూర్తిగా ఊడదీయక్కర్లేదు, వదులైతే కట్టు జారుతుంది.

లాకుకు గుర్రాన్ని సగం మెట్టు దాకా ఎత్తాలి. అవతలి పక్కనున్న రెండు మరలనూ సగం మాత్రమే తిప్పి, స్క్రూడ్రైవర్ పిడితో వాటి తలలను ఒకదాని తర్వాత ఒకటి తట్టాలి. లాకు సమంగా పైకి లేస్తుంది. వేలిగోటితోనో కత్తిమొనతోనో ఎత్తితే చెక్క అంచు పెళ్లగిలుతుంది. పాత తుపాకుల్లో లాకు చుట్టూ కనిపించే పెచ్చులు ఇలా ఊడినవే. లోపలి స్ప్రింగు జోలికి పోవద్దు. గొట్టం వెనక కొసన చెక్కలోకి దిగే తోక మర తీశాక తుపాకిని తిరగేసి, కింద దిండు పెట్టి చెక్కను అరచేత్తో తడుతూ గొట్టాన్ని దించాలి. మూతి పట్టుకొని పైకి లాగితే వెనక తోక దగ్గర చెక్క చీలుతుంది.

రాగి కాణీ, పదకొండు లీటర్ల నీళ్లు

ఉడకబెట్టేముందు లేచిన పొక్కుల్ని చేత్తో తియ్యాలి. దీనికి పాత రాగి కాణీని మించిన పనిముట్టు లేదు. ఉక్కు కన్నా మెత్తన, అయినా తుప్పు పొక్కును లేపగలదు. కుట్టుమిషను నూనె ధారాళంగా రాసి పూట నాననిచ్చి, కాణీ అంచును పడుకోబెట్టి నెట్టాలి. పొక్కు టప్పున ఊడుతుంది, దాని చుట్టూ ఉన్న నలుపు నిలుస్తుంది. ఒక చదరపు అంగుళానికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. ఎమెరీ కాగితం, వంటింటి స్టీలు పీచు దగ్గరికి రానివ్వద్దు. దొరికితే నాలుగు సున్నాల (0000, బాగా సన్న రకం) ఉక్కు ఊలు తెప్పించుకోండి. దానికి ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, వాడేముందు ఎసిటోన్‌లో జాడించాలి.

చాలా తుపాకులకు ఇంతవరకే చాలు. నూనె రాసి ఆపెయ్యొచ్చు. గొట్టమంతా నారింజ నూగు కమ్మితేనే ఉడుకు.

మూడు కట్ల ఎన్‌ఫీల్డ్ గొట్టం 39 అంగుళాలు. 42 అంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు తొట్టి చేయిస్తే సుమారు 11 లీటర్లు పడుతుంది. స్టెయిన్‌లెస్ రేకు గానీ మామూలు ఇనుప రేకు గానీ కావాలి. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దు. కింద రెండు గ్యాసు పొయ్యిలు.

నీళ్లు ఏవి అన్నదే అసలు ప్రశ్న. కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడు, ఇస్కపల్లి, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు. ఆ నీళ్లలో మరిగించడమంటే ఏ ఉప్పును తియ్యాలనుకున్నామో దాన్నే తిరిగి ఎక్కించడం. ఆర్వో నీళ్లలోనూ కొంత మిగులుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్లు ఐదు తెచ్చుకోవాలి. మొదటి ఉడుకు నీళ్లు పారబోస్తాం, వాటితో ఉప్పు దిగిపోతుంది. రెండో ఉడుకుకు కొత్త నీళ్లు. మిగిలినవి ఆవిరైనప్పుడు కలపడానికి.

గొట్టానికి ముందు జిడ్డు వదలాలి. లీటరు వేణ్నీళ్లకు 50 గ్రాముల బట్టల సోడా వేసి కడిగి, డిస్టిల్డ్ నీళ్లతో జాడించి, ఎసిటోన్ గుడ్డతో తుడవాలి. ఎసిటోన్ ఆరుబయటే, పొయ్యికి దూరంగా. ఆ తర్వాత చేత్తో ముట్టకూడదు. రెండు కొసలకూ తీగ కట్టి దించాలి. లోపలి తుప్పు కూడా మారాలి కాబట్టి కొసలు మూయొద్దు. మూస్తే లోపలి గాలి వేడికి బిరడాను తన్నేస్తుంది. గొట్టం పూర్తిగా మునగాలి. సగం తేలితే నీటి అంచు గీత శాశ్వతంగా పడుతుంది. తెర్లుతున్న నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. వెనక మర చుట్లలో దాక్కున్న పాత నూనె వేడికి కారి నీళ్ల మీద తెట్టు కడుతుంది. గొట్టాన్ని అలాగే పైకి లాగితే ఆ తెట్టులోంచి వచ్చి, చారలు చారలుగా జిడ్డు పట్టుకుంటుంది. ఆ చారల కింద రెండో ఉడుకు పనిచెయ్యదు. ఎత్తేముందు టిష్యూ కాగితం పరిచి తెట్టు తీసెయ్యాలి.

బయటికి వచ్చిన గొట్టం మీద మఖమల్ లాంటి నల్లటి మసి ఉంటుంది. కడిగిన ఉక్కు ఊలుతో, దుమ్ము దులిపినట్టు తేలిగ్గా దులిపితే మసి కింద అసలు నలుపు, దాంట్లోంచి ఆయుధశాల గుర్తులు బయటికొస్తాయి. ఈస్టిండియా కంపెనీ కాలపు లాకు ప్లేట్ల మీద కిరీటం పట్టిన సింహం ఉంటుంది. దాని జూలు గీతలు మళ్లీ కనబడేది ఇలా నింపాదిగా తుప్పు తీసినప్పుడే. అయితే ఆ లాకును ఉడకబెట్టి కాదు. రంగు మబ్బుల లాకుకు కాణీ, నూనె మాత్రమే. ఎముకల బొగ్గులోనూ తోలుబొగ్గులోనూ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే వచ్చిన రంగు అది. అరిగితే బూడిదగా మిగలనివ్వాలి. తిరిగి కాలిస్తే ప్లేటు వంగుతుంది.

గొట్టంలో వంగపండు రంగు చారలు మిగిలితే మార్పు పూర్తికాలేదన్నమాట, మరోసారి ఉడకాలి. మామూలుగా రెండు మూడు సార్లకు నారింజ పోతుంది. గుంటలు గుంటలుగానే ఉంటాయి, వాటిని ఆకురాయితో సమం చెయ్యకండి. చివరిసారి పైకి తీసినప్పుడు ఆ వేడికే నీళ్లు ఆరిపోతాయి. గొట్టం లోపల గుడ్డ తోసి ఆర్చి, వెచ్చగా ఉండగానే నూనె పట్టించి ఒక రోజు వదిలెయ్యాలి.

ఇషాపూర్ రైఫిలు కర్మాగారంలో 1960ల్లో తయారైన 2ఎ1 రైఫిళ్ల లాంటి వాటికి ఇదేదీ వర్తించదు. వాటి మీద ఫాస్ఫేటు, ఆ పైన నల్ల పెయింటు. వాటికి సబ్బునీళ్ల గుడ్డ చాలు.

చెక్క

వడ్రంగి మొదట తీసేది ఇసుకకాగితం. అది పట్టిన క్షణం చెక్క మీది ముద్రలు పోతాయి, చెక్క ఇత్తడి అంచు కన్నా కిందికి దిగుతుంది. వేలితో తడిమితే బట్ ప్లేటు గట్టులా తగులుతుందంటే ఎవరో చెక్కను గీకారు.

మట్టికి, జిడ్డుకు టర్పెంటైన్, అవిసె నూనె సగం సగం కలిపి, నూలుగుడ్డతో రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తీసెయ్యాలి. లాకు చుట్టూ ఏళ్లతరబడి ఇంకిన నూనెతో చెక్క నల్లబడి ఉంటే సుద్దపొడిని ఎసిటోన్‌లో ముద్దలా కలిపి పట్టించాలి. ఎండాక సుద్ద పసుపెక్కి రాలుతుంది. నాలుగైదు సార్లు చేస్తే సరి. నొక్కులకు తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే నారలు తెగని చోట పైకి లేస్తాయి.

అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి తనంతట తానే అంటుకుంటుంది. మే నెల నెల్లూరులో 44 డిగ్రీల పూట అది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. తడిపి, ఆరుబయట విడివిడిగా పరచాలి.

ఎదురుమాట

మ్యూజియం సంరక్షకులు ఉడకబెట్టడాన్నీ ఒప్పుకోరు, అవిసె నూనెనూ ఒప్పుకోరు. నూనె కాలంతో నల్లబడుతుంది, తిరిగి తియ్యలేం, మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాసి వదిలెయ్యమంటారు. చెక్క విషయంలో వాళ్ల మాటలో బలముంది. సిపాయిలు వాడిన నూనె అదే అన్నది నా సమాధానం, కానీ వాళ్లు వాడుతున్న ఆయుధానికి రాశారు, మనం మిగిలిన వస్తువుకు రాస్తున్నాం. అందుకే చెక్క మరీ పొడిబారితే తప్ప ఒక్కసారికి మించి నూనె పట్టించవద్దంటాను.

ఉడకబెట్టడం మీద మాత్రం నేను వెనక్కి తగ్గను. తేమ 45 శాతానికి కట్టడి చేసిన గదిలో మైనం చాలు. మిద్దింట్లో, సముద్రానికి పది కిలోమీటర్లలో, ఉప్పు కడిగెయ్యకుండా మైనం రాస్తే మైనం కింద తుప్పు నడుస్తుంది. గుంటల్లో కొత్తగా వచ్చిన నలుపు 1857 నాటిది కాదు కదా అంటారు. కాదు. ఏ చోట్ల మారిందో ముందూ వెనకా ఫొటోలు తీసి నోటుబుక్కులో రాసిపెట్టాలి, ఆ రుణం అలా తీర్చుకోవాలి.

మరి ఇప్పటికే చక్రం మీద తిప్పేసిన ఆ ఫొటో తుపాకి సంగతి? దాని దగ్గర నాకు నిశ్చయం తగ్గుతుంది. నికెల్ కింద ఉన్నది వట్టి ఇనుము. పూత లేచిన చోట తుప్పు లోపలికి పాకుతుంది. అలాంటిదానికి పాత పద్ధతిలోనే, నెమ్మదిగా రస్ట్ బ్లూయింగ్ చేయించడం తప్పనిపించదు, రాసి ఉంచితే. కానీ కాస్టిక్ సోడా లవణాల వేడి బ్లూయింగ్ కూడదు. అది 140 డిగ్రీల దగ్గర మరిగే క్షారం, తగరం సీసం అతుకుల్ని తినేస్తుంది. సీసాలో దొరికే చల్లటి బ్లూయింగ్ సెలీనియం రాగి పొర, వేలి రాపిడికే పోతుంది. పైగా విషం. పోయిన అంకెల్ని మళ్లీ చెక్కించడం అయితే దొంగముద్ర వెయ్యడమే.

మళ్లీ దసరా దాకా

తోలు ఒరలో, గోనెసంచిలో, వెల్వెట్ పెట్టెలో పెట్టకండి, మూడూ తడి పట్టుకుంటాయి. గోడకు తగిలిస్తే నడిమధ్య గోడకు, బయటి గోడకు కాదు. గోడకూ గొట్టానికీ మధ్య రెండంగుళాల గాలి, మేకుకు నూలు చుట్టాలి. నిలబెట్టేటట్టయితే మూతి కిందికి, నూనె చెక్కలోకి దిగకుండా. ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలి, చెమటలోనూ ఉప్పే.

పూజకు ముందు గొట్టానికి మైనం పల్చగా రాయండి. పసుపు కుంకుమ తమలపాకు మీద పెట్టి, ఆ ఆకును పట్టుదారంతో చెక్కకు కట్టండి. నిమ్మకాయ పీట మీద. హారతి అయ్యాక ఆకు తీసేసి, ఆ రాత్రికే పొడిగుడ్డ. ఆ తర్వాత వానలు మొదలైన రోజు ఒకసారి, తుపాను వెళ్లిన మర్నాడు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి అదే తెల్లగుడ్డతో కట్ల అంచులు, గోడవైపు గొట్టం రుద్ది చూడండి. నారింజ అంటిన చోటికి ఒక చుక్క నూనె, కాణీ.